ఎండ కాసే చలిదేశం: లద్దాఖ్ ఇళ్లలో వేడి నిలబెట్టే లెక్క

జనవరిలో లేహ్ పట్టణంలో మధ్యాహ్నం వేళ దక్షిణం వైపు గోడకు ఆనుకుని కూర్చుంటే ఎండ చురుక్కుమంటుంది. అదే ఇంటికి ఉత్తరం వైపు నీడలో పెట్టిన బకెట్‌లో నీళ్లు పట్టపగలే గడ్డకట్టి ఉంటాయి. సూర్యుడు కొండ వెనక్కి దిగగానే దక్షిణం గోడ పక్కన కూడా కూర్చోలేం. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 15, ఒక్కోసారి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది. కార్గిల్ జిల్లాలోని ద్రాస్‌లో అయితే ఇంకా కిందికి వెళ్తుంది.

ఇంత చలి ఉన్న చోట సౌరశక్తి ఏం పనికొస్తుందని అనిపించవచ్చు. కానీ ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాసే ప్రాంతం ఇది. ఏడాది మొత్తం మీద పడే వాన, మంచు కలిపి లెక్కేసినా లేహ్‌లో 100 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. కాబట్టి అక్కడ కొరత సూర్యకాంతికి కాదు. పగలు దొరికిన దాన్ని రాత్రి దాకా, అదీ బయట అంతా గడ్డకట్టుకుపోతున్నప్పుడు, నిలబెట్టుకోవడమే సమస్య. చలి ప్రాంతాల్లోని మారుమూల ఊళ్లకు పునరుత్పాదక శక్తి అనగానే మనకు ప్యానెళ్లు, గాలిమరలు, బ్యాటరీలు గుర్తుకొస్తాయి. లద్దాఖ్ అనుభవం చూస్తే వాటికంటే ముందు గోడలు, కిటికీలు, పైకప్పుల గురించి మాట్లాడాలి.

చలి రెండు రకాలు

లేహ్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఎడారి వేడికి పేరుపడ్డ బాగ్దాద్ నగరం కూడా దాదాపు అదే అక్షాంశంలో ఉంది. అంటే లద్దాఖ్ చలికి కారణం ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండటం కాదు, ఎత్తు. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. వాతావరణంలో ప్రతి కిలోమీటరు పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు 65 శాతమే.

పగటి ఎండకూ రాత్రి చలికీ కారణం ఈ పలుచని, పొడి గాలే. దుమ్ము, తేమ తక్కువ కాబట్టి సూర్యకాంతి దారిలో పెద్దగా చెదిరిపోకుండా నేలను చేరుతుంది. రాత్రి నేల నుంచి పరారుణ కిరణాల రూపంలో వెళ్లే వేడిని అడ్డుకునే నీటి ఆవిరి కూడా లేదు కాబట్టి అది అంతే సులువుగా ఆకాశంలోకి జారిపోతుంది.

రెండో రకం చలి అక్షాంశం వల్ల వచ్చేది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఓల్డ్ క్రో అనే చిన్న ఊరుంది. వుంటుట్ గ్విచిన్ అనే ఆదిమ జాతి ప్రజలు అక్కడ ఉంటారు. రోడ్డు లేదు, విమానంలోనే వెళ్లాలి. కరెంటు కోసం డీజిల్ కూడా విమానంలోనే రావాలి. అక్కడ 2021లో 940 కిలోవాట్ల సౌర కేంద్రం పనిలోకి వచ్చింది. ఏడాదికి సుమారు 1,90,000 లీటర్ల డీజిల్ ఆదా చేసేలా దాన్ని రూపొందించారు. వేసవిలో ఎండ బాగా ఉన్నప్పుడు జనరేటర్లను పూర్తిగా ఆపేయగలుగుతున్నారు. కానీ డిసెంబరులో కొన్ని వారాలు అక్కడ సూర్యుడు అసలు కనిపించడు. శక్తి ఎక్కువ అవసరమైన రోజుల్లోనే అది పూర్తిగా మాయమవుతుంది.

లేహ్‌లో ఏడాదిలో అతి చిన్న రోజున కూడా పగలు సుమారు 10 గంటలు ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఓల్డ్ క్రో వాళ్లు ఎండను ఆరు నెలలు దాచుకోవాల్సి వస్తే, లేహ్ వాళ్లు 14 గంటలు దాచుకుంటే చాలు. ఈ తేడాను పట్టించుకోకుండా 'చలి ప్రాంతాలకు పునరుత్పాదక శక్తి' అని ఒకే మందు రాయడం కుదరదు.

కనుమ దాటి వచ్చిన ఇంధనం

2019 దాకా లద్దాఖ్ జాతీయ విద్యుత్ గ్రిడ్‌కు బయటే ఉంది. శ్రీనగర్ నుంచి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్ వరకు సుమారు 335 కిలోమీటర్ల 220 కిలోవోల్టుల లైను ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రారంభమైంది. అంతకు ముందు ఆధారం స్థానిక జలవిద్యుత్తు, డీజిల్ జనరేటర్లు. సింధు నదిపై 45 మెగావాట్ల నిమ్మూ బాజ్‌గో, సురు నదిపై 44 మెగావాట్ల చుటక్ కేంద్రాలు 2014లో జాతికి అంకితమయ్యాయి. వేసవిలో మంచు కరిగి నదులు నిండుగా పారుతాయి. చలికాలంలో ఆ కరగడం ఆగిపోతుంది, ప్రవాహం సన్నబడుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. చిన్న వాగుల మీద కట్టే సూక్ష్మ జలవిద్యుత్ కేంద్రాలకైతే కాలువలే గడ్డకడతాయి. పెద్ద ప్రవాహంలో కూడా సన్నటి మంచు పలుకులు తేలుతూ వచ్చి నీళ్లు లోపలికి తీసుకునే జల్లెడకు అతుక్కుపోతాయి.

గ్రిడ్ వచ్చాక లేహ్, కార్గిల్ పట్టణాల పరిస్థితి మెరుగుపడింది. తీగ చేరని పల్లెలకు, సరిహద్దు సైనిక స్థావరాలకు డీజిల్ మీద ఆధారపడటం తప్పలేదు. డీజిల్‌కు చలిలో ఇంకో జబ్బుంది. అందులో కరిగి ఉండే మైనం లాంటి పదార్థం చలికి పలుకులుగా విడివడి, ఫిల్టర్లను మూసేస్తుంది. మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉండే ప్రత్యేక శీతాకాల డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లద్దాఖ్‌కు తెచ్చింది. ఇంధనం గడ్డకట్టకపోయినా పలుచని గాలిలో ఇంజన్‌కు ఆక్సిజన్ చాలదు. మైదానంలో ఇచ్చినంత శక్తి అది ఇక్కడ ఇవ్వలేదు. ఇదంతా చలికాలానికి ముందే లారీల మీద కనుమలు దాటి రావాలి. శ్రీనగర్ దారిలో ఉన్న జోజిలా కనుమ కింద హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతోంది. అది పూర్తయితే రవాణా కష్టం తగ్గుతుంది కానీ ఇంధనం ఖర్చు ఖర్చే.

అయితే డీజిల్ లెక్కలోకి రాని శక్తి ఒకటి ఉంది. పల్లె ఇంట్లో చలికాలం ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం కరెంటు కాదు, బుఖారీ అనే ఇనుప పొయ్యిలో కాలే పిడకలు, పాప్లర్, విల్లో కట్టెలు, కిరోసిన్. చెట్టన్నదే లేని చాంగ్‌థాంగ్ పీఠభూమిలో బుర్త్సే అనే పొదను వేళ్లతో సహా పెకలించి కాలుస్తారు. గాలి చొరకుండా బిగించిన గదిలో ఆ పొగ ఆడవాళ్ల, పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పొలానికి ఎరువు కావాల్సిన పేడ పొయ్యిలోకి పోతుంది. కొత్త పథకం ఏదైనా కొలవాల్సింది ఈ బుఖారీ ఎంత తక్కువ మండుతోందో చూసి.

చలిని మెచ్చే ప్యానెల్, ఓర్చుకోలేని బ్యాటరీ

సోలార్ ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి కాదు. సిలికాన్ ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి ముద్ర వేస్తారు. అంతకంటే వేడెక్కే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెలలో కర్నూలు జిల్లా సౌర పార్కులో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు 15 శాతం శక్తి అక్కడే పోతుంది. లేహ్‌లో జనవరి ఎండలో అదే ప్యానెల్ 10 డిగ్రీల దగ్గర ఉంటే ముద్ర మీద ఉన్నదానికంటే 5 శాతం పైగా ఎక్కువ ఇస్తుంది. చుట్టూ పరుచుకున్న మంచు నుంచి ప్రతిఫలించే వెలుగు అదనం. తాజా మంచు తన మీద పడ్డ వెలుగులో 80 శాతం పైగా వెనక్కి పంపుతుంది. ప్యానెల్‌ను నిటారుగా వాల్చి పెడితే కిందుగా తిరిగే శీతాకాలపు సూర్యుడికి ఎదురుగా ఉంటుంది, మీద పడ్డ మంచూ జారిపోతుంది.

ఈ మేలుతో పాటు ఒక చిక్కు కూడా వస్తుంది. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. 49 వోల్టుల ప్యానెళ్లు 20 వరుసగా కలిపితే 980 వోల్టులు. ఇన్వర్టర్ తట్టుకునేది 1,000 వోల్టులైతే కాగితం మీద సరిపోయినట్టే. మైనస్ 25 డిగ్రీల తెల్లవారుజామున తొలి ఎండ పడగానే అదే వరుస 1,100 వోల్టులు దాటిపోతుంది, ఇన్వర్టర్ కాలిపోతుంది. పలుచని గాలి విద్యుత్తును అడ్డుకోవడంలోనూ బలహీనమే. అందుకే ఇంత ఎత్తులో వాడే స్విచ్‌గేర్‌లో తీగల మధ్య ఎడం ఎక్కువ ఉంచాలి. మైదానంలో పనిచేసిన డిజైన్‌ను లారీ ఎక్కించి పైకి పంపితే సరిపోదనడానికి ఇవి రెండు ఉదాహరణలు మాత్రమే.

అసలు బాధ బ్యాటరీది. లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 20 డిగ్రీల దగ్గర తన సామర్థ్యంలో సుమారు సగమే ఇస్తుంది. నిండుగా చార్జ్ అయి ఉంటే అందులోని యాసిడ్ మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పూర్తిగా వాడేస్తే మాత్రం అది దాదాపు నీళ్లే. మైనస్ 10 డిగ్రీలకు చేరేలోపే గడ్డకట్టి డబ్బాను పగలగొడుతుంది. లిథియం బ్యాటరీ పగిలిపోదు, కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి చొరబడలేక పైన లోహపు పూతలా పేరుకుంటాయి. ఆ పూత బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది, ముదిరితే లోపల షార్ట్ సర్క్యూట్‌కు దారితీస్తుంది. అందుకే మంచి బ్యాటరీలో ఉండే నియంత్రణ పరికరం చలిలో చార్జింగ్‌ను ఆపేస్తుంది. పైన ప్యానెల్ నిండుగా కరెంటు ఇస్తూనే ఉంటుంది, పుచ్చుకోవాల్సిన బ్యాటరీ తలుపు మూసుకుని కూర్చుంటుంది. కాబట్టి బ్యాటరీ గదిని కూడా వెచ్చగా ఉంచాలి. మళ్లీ వేడి దగ్గరికే వచ్చాం.

ఒక గది, ఒక రాత్రి

ఇక్కడ ఒక లెక్క వేసి చూడటం మంచిది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న ఒంటరి గది. పచ్చి ఇటుకల గోడలు, మామూలు కిటికీ, సందుల్లోంచి వచ్చే చలిగాలి. లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు ఇలాంటి గది సుమారు 150 వాట్ల వేడి పోగొట్టుకుంటుంది అనుకుందాం. లోపల 10 డిగ్రీలు చాలు, బయట మైనస్ 15. తేడా 25 డిగ్రీలు. అంటే 3,750 వాట్లు. 14 గంటల రాత్రికి 52 యూనిట్లు పైనే.

అదే ఇంట్లో ఎల్ఈడీ దీపాలు, ఫోన్ చార్జింగ్, చిన్న టీవీ అన్నీ కలిపినా రోజుకు ఒకటి రెండు యూనిట్లు దాటవు. గదిని వెచ్చగా ఉంచడానికి కావాల్సింది దానికి పాతిక రెట్లు పైమాటే. ఈ 52 యూనిట్లు బ్యాటరీలో దాచాలంటే విద్యుత్ కారులో ఉండేంత పెద్ద బ్యాటరీ కావాలి, ఒక్క గదికి. కిరోసిన్ అయితే, పొయ్యిలో ఒక్క చుక్క వేడి కూడా వృథా కాదనుకున్నా, రాత్రికి 5 లీటర్లు.

ఇప్పుడు గోడలకూ పైకప్పుకూ వేడిని బయటకు పోనీయని పొర వేసి, కిటికీకి రెండు అద్దాలు పెట్టి, సందులు మూసేద్దాం. డిగ్రీకి పోయే వేడి 150 నుంచి 50 వాట్లకు తగ్గుతుంది. రాత్రి అవసరం 17 యూనిట్లకు దిగుతుంది. కొత్తగా ఒక్క వాటు కూడా తయారు చేయకుండా 35 యూనిట్లు మిగిలాయి. ఆ పొర ఖరీదైన నురగ పలకలే కానక్కర్లేదు. రెండు గోడల మధ్య కూరిన గడ్డి, రంపపు పొట్టు కూడా పనిచేస్తాయి, తడి తగలకుండా చూసుకోవాలి అంతే.

మిగిలిన 17 యూనిట్లు ఎండ నుంచే రావచ్చు. శీతాకాలంలో తేటగా ఉన్న రోజున లేహ్‌లో దక్షిణానికి నిలువుగా నిలిపిన ఒక చదరపు మీటరు అద్దం మీద సుమారు 4 నుంచి 5 యూనిట్ల సౌరశక్తి పడుతుంది. అక్కడ అద్దానికి బదులు ప్యానెల్ పెడితే ఐదో వంతు కరెంటుగా మారుతుంది. అద్దం వెనక నల్లటి గోడ పెడితే, నష్టాలన్నీ పోగా కూడా, అంతకు రెట్టింపు వేడిగా గదిలోకి వస్తుంది. ప్యానెల్‌కు హీట్ పంప్ జోడిస్తే ఈ తేడా పూడిపోతుంది. ఒక యూనిట్ కరెంటుతో అది బయటి గాలిలోని వేడిని కూడా లాగి రెండు మూడు యూనిట్ల వేడి లోపల పెడుతుంది. కానీ బయట మైనస్ 20 ఉన్నప్పుడు ఆ లాభం తగ్గిపోతుంది, పైగా పాడైతే బాగుచేసే మెకానిక్ కావాలి. గోడకు మెకానిక్ అక్కర్లేదు.

గోడే బ్యాటరీ

ఇలా ఎండను దాచే గోడను ట్రాంబ్ గోడ అంటారు. ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికన్ 1881లోనే దీనికి పేటెంట్ తీసుకున్నా, 1960లలో ఫ్రాన్స్‌లోని ఒడెయో అనే కొండ ఊళ్లో దాన్ని ఇళ్లకు వాడి చూపిన ఫెలిక్స్ ట్రాంబ్ పేరే నిలిచింది. దక్షిణం వైపు మందపాటి మట్టి లేదా రాతి గోడ కట్టి, బయటివైపు నల్లరంగు వేసి, ముందు కొద్దిపాటి ఖాళీ వదిలి అద్దం బిగిస్తారు. అద్దంలోంచి వెలుగు లోపలికి వస్తుంది. వేడెక్కిన గోడ వెలువరించే పరారుణ కిరణాలు మాత్రం అద్దం దాటి పోలేవు. గోడకు పైనా కిందా కన్నాలు పెడితే ఖాళీలో వేడెక్కిన గాలి పై కన్నం గుండా గదిలోకి వెళ్తుంది, చల్లటి గాలి కింది కన్నం గుండా ఖాళీలోకి వస్తుంది. రాత్రి ఆ కన్నాలు మూసేయకపోతే గాలి ఎదురు తిరిగి, గదినే చల్లబరుస్తుంది.

ఈ గోడ ఎంత మందం ఉండాలన్నది చాలా ముచ్చటైన ప్రశ్న. బయటి ముఖం మీద పడ్డ వేడి మట్టిలో నెమ్మదిగా, ఒక అలలా ప్రయాణిస్తుంది. పచ్చి ఇటుకలో వేడి పాకే వేగాన్ని బట్టి లెక్కిస్తే, 30 సెంటీమీటర్ల గోడను దాటడానికి దానికి సుమారు 10 గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి బయటి ముఖం బాగా కాలితే, ఆ వెచ్చదనం అర్ధరాత్రికి లోపలి ముఖం చేరుతుంది. సరిగ్గా కావాల్సిన వేళకు. మందం రెట్టింపు చేస్తే ఆలస్యం కూడా రెట్టింపై, వేడి మర్నాడు పొద్దెక్కాక వస్తుంది, అదీ చాలా బలహీనపడి. ఎంత మందం ఉంటే అంత మేలు అనే మాట ఇక్కడ చెల్లదు.

చూరుకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. వేసవి మధ్యాహ్నం లేహ్‌లో సూర్యుడు 79 డిగ్రీల ఎత్తుకు వెళ్తాడు. దక్షిణం కిటికీ మీద కొద్దిగా ముందుకు వచ్చిన చూరు ఆ ఎండను ఆపేస్తుంది. శీతాకాలంలో 32 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చే ఎండ చూరు కిందుగా నేరుగా గదిలోకి దూరుతుంది. కదిలే భాగం ఒక్కటి లేకుండా ఇల్లు ఋతువును గుర్తుపడుతుంది.

లేహ్ దగ్గర ఫే గ్రామంలో సెక్‌మోల్ అనే విద్యా సంస్థ ఆవరణ ఇలాంటి కట్టడాలకు పేరు పొందింది. సోనమ్ వాంగ్‌చుక్, ఆయన మిత్రులు 1988లో మొదలుపెట్టిన సంస్థ ఇది. తడిమట్టిని చెక్కల మధ్య పోసి దిమ్మిసతో కొట్టి కట్టిన గోడలు, దక్షిణానికి తెరుచుకున్న పెద్ద అద్దాలు, అద్దాల వెనక చలికాలంలో కూరలు పండే హరితగృహం. అక్కడి ప్రధాన భవనానికి 2016లో ఫ్రాన్స్‌లో మట్టి కట్టడాలకు ఇచ్చే టెర్రా అవార్డు వచ్చింది. ఫ్రెంచి సంస్థ జెరెస్, స్థానిక సంస్థలు కలిసి పల్లెల్లో వందల ఇళ్లకు ఇదే సూత్రంతో మార్పులు చేశాయి. ఇల్లంతా మార్చలేని వాళ్లు ఒక్క గదికే అద్దపు వరండా కట్టించుకున్నా తేడా తెలుస్తుంది.

పాత లద్దాఖీ ఇల్లు కూడా ఈ భాష తెలిసినదే. కింది అంతస్తులో పశువులు, వాటి ఒంటి వెచ్చదనం పై గదికి. చలికాలమంతా కుటుంబం మొత్తం ఒకే వంటగదిలో. ఇప్పుడు లేహ్‌లో లేస్తున్న సిమెంటు ఇళ్లు, హోటళ్లు మైదానపు నమూనాలో నాలుగు వైపులా కిటికీలతో ఉంటున్నాయి. ఉత్తరం కిటికీ చలికాలంలో కేవలం ఒక చిల్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. డిసెంబరు మధ్యాహ్నం 6 మీటర్ల ఎత్తున్న ఇల్లు ఉత్తరానికి దాదాపు 9.5 మీటర్ల నీడ పరుస్తుంది. దక్షిణం పక్క స్థలంలో ఎవరైనా రెండంతస్తులు లేపితే, వెనక ఇంటివాళ్ల ట్రాంబ్ గోడ ఆ రోజు నుంచి మామూలు గోడే. లేహ్ లాంటి ఊళ్లో ఇంటి ప్లాను అనుమతులు ఇచ్చేవాళ్లు ఇచ్చేది నిజానికి ఎండకు అనుమతి.

గాలి, భూగర్భం, హైడ్రోజన్

గాలిమరల సంగతి కొద్దిగానే చెప్పుకోవాలి. 4,500 మీటర్ల ఎత్తులో, మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా గాలి సాంద్రత సముద్రతీరంలో ఉన్నదానికంటే దాదాపు 38 శాతం తక్కువ. అదే వేగంతో వీచినా మరకు అందే శక్తి అంతే మేర తగ్గుతుంది.

భూగర్భ వేడి మాత్రం ఆసక్తికరం. చాంగ్‌థాంగ్‌లో 4,400 మీటర్ల ఎత్తున ఉన్న పుగా లోయలో వేడినీటి ఊటలు ఉన్నాయి. 1970లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అక్కడ బోర్లు వేసి, వేడినీటితో గదులు వెచ్చబరచడం, బోరాక్స్ శుద్ధి చేయడం లాంటి ప్రయోగాలు చేసింది. 2021లో ఓఎన్‌జీసీ అక్కడ 1 మెగావాట్ ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం కోసం ఒప్పందం చేసుకుంది. కరెంటు ఆలోచన మంచిదే. అయితే వేడినీటిని కరెంటుగా మార్చేటప్పుడు అందులో చాలా భాగం వదిలేయక తప్పదు. చుట్టుపక్కల ఇళ్లకు, బడులకు కావాల్సింది వేడే కాబట్టి 1970ల నాటి ఆలోచనను కూడా పక్కన పెట్టకూడదు.

హైడ్రోజన్ పట్ల అనుమానం ఉన్నవాళ్లు కూడా లద్దాఖ్‌లో దాన్ని కాస్త వేరుగా చూడాలి. ప్యానెళ్ల కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, దాచి, మళ్లీ ఫ్యూయల్ సెల్‌లో కరెంటుగా మారిస్తే మొదటి శక్తిలో మూడో వంతు మాత్రమే మిగులుతుంది. బ్యాటరీలో 85 శాతం పైగా మిగులుతుంది. కానీ పోయిన ఆ రెండు వంతుల్లో ఎక్కువ భాగం వేడి. మైదానంలో అది దండగ, చలిలో ఒక గొట్టం వేసి పక్క గదిలోకి మళ్లిస్తే సరుకు. చుషుల్ దగ్గర 4,400 మీటర్ల ఎత్తున సైనిక స్థావరం కోసం సౌర-హైడ్రోజన్ మైక్రోగ్రిడ్‌కు ఎన్‌టీపీసీ 2024లో శంకుస్థాపన చేయించింది. డీజిల్ జనరేటర్లకు బదులు ఏడాది పొడవునా 200 కిలోవాట్లు ఇవ్వడం దాని లక్ష్యం. లేహ్‌లో ఇదే సంస్థ 1.7 మెగావాట్ల సౌర కేంద్రంతో హైడ్రోజన్ తయారుచేసి బస్సులు నడిపే ప్రాజెక్టు చేపట్టింది. సైన్యానికి ఈ ఖర్చు సమంజసమే, లారీలో పైకెక్కే ప్రతి లీటరు డీజిల్ ఖరీదు వాళ్లకు తెలుసు. ముప్ఫై ఇళ్ల పల్లెకు ఇది ఇప్పట్లో అందేది కాదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రాజెక్టు వేరే ఉంది. లేహ్–మనాలి దారిలోని పాంగ్ ప్రాంతంలో 13 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును, 12 గిగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వను ఉద్దేశించి, ఆ కరెంటును హర్యానాలోని కైతల్‌కు తీసుకెళ్లే 713 కిలోమీటర్ల లైనుకు కేంద్ర మంత్రివర్గం 2023 అక్టోబరులో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం సుమారు 20,774 కోట్ల రూపాయలు. దేశం దృష్టిలో ఇది అవసరమైన పనే. కానీ ఆ పీఠభూమి ఖాళీ నేల కాదు, పష్మినా మేకలు మేపుకునే చాంగ్పా సంచారుల పచ్చిక భూమి. వాళ్ల మేత దారులు తెగకుండా ప్యానెళ్లు ఎలా పరచాలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అలాగే 13 గిగావాట్లు కైతల్ చేరినంత మాత్రాన జన్‌స్కార్‌లోని ఒక వంటగదిలో బుఖారీ ఆరదు.

పల్లెల అనుభవం ఇంకో మాట చెబుతుంది. రాజస్థాన్‌లోని తిలోనియా నుంచి పనిచేసే బేర్‌ఫుట్ కాలేజ్ 1990లలో లద్దాఖ్ పల్లెల్లో సౌర దీపాలు పెట్టినప్పుడు, బయటి నుంచి మెకానిక్‌లను తేలేదు. చదువు పెద్దగా లేని స్థానికులకే పరికరాలు విప్పి బిగించడం నేర్పింది. ఆ తర్వాత రోడ్డు లేని ఊళ్లలో వేసిన చిన్న గ్రిడ్‌లలో కొన్ని ఇన్వర్టరే లేకుండా, ప్యానెల్ నుంచి వచ్చే డీసీ కరెంటుతోనే దీపాలు వెలిగిస్తాయి. పాడయ్యే పరికరం ఒకటి తగ్గింది. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు. పథకం లెక్కలో ప్యానెల్ ఖర్చు ఉంటుంది, ఆరో ఏట కొనాల్సిన బ్యాటరీ ఖర్చు చాలాసార్లు ఉండదు. ఇంటింటికీ నెలకు కొంత చొప్పున ఊరి నిధిలో జమ చేసుకున్న చోట కొత్త బ్యాటరీ వచ్చింది. లేని చోట ప్యానెల్ గోడకు తగిలించిన అద్దంలా మిగిలింది. చార్జ్ కంట్రోలర్ అక్టోబరులో పాడైతే ఇంకా దారి ఉంటుంది, బదులుది తెప్పించుకోవచ్చు. డిసెంబరులో పాడైతే, కనుమ తెరుచుకునే దాకా ఆ ఊరికి పగటి ఎండ, దక్షిణం గోడ, బుఖారీ మిగులుతాయి.